మెస్ ముందు చార్జింగ్ బండి: అనంతపురం ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి తర్వాత

సోములదొడ్డి అవతల గోడౌన్ ఉన్న సరుకుల డిస్ట్రిబ్యూటర్ ఒకాయన కమలానగర్‌లో నా బ్యాటరీ షాపుకు వచ్చాడు. ఆయన దగ్గర ఆరు ఎలక్ట్రిక్ లగేజీ ఆటోలున్నాయి. సబ్బులు, బిస్కెట్లు, నూనె ప్యాకెట్లు పొద్దున్నే ఎక్కించుకుని ఒక్కో ఆటో ఒక్కో లైనుకు పోతుంది. కూడేరు వైపు ఒకటి, గార్లదిన్నె వైపు ఒకటి, రాప్తాడు వైపు ఒకటి, ఇట్లా. మధ్యాహ్నానికి పల్లెలు ముగించి ఊళ్ళోకి వస్తాయి. అక్కడి నుంచి సాయంత్రం దాకా టౌన్ అంగళ్లు, వసూళ్లు.

ఆయన బాధ ఒక్కటే. "నాలుగైతే చాలప్పా, డ్రైవర్లకు టెన్షన్ మొదలైతాది. అన్నా పదహారు శాతం ఉంది, అన్నా పన్నెండు ఉంది అని ఫోన్లు. ఎండాకాలం వస్తే కూల్‌డ్రింకుల లోడు పెరుగుతాది, ఇంకా కష్టం. యాడ ఆగిపోతే ఆడికొచ్చి చార్జ్ చేసే బండి ఒకటి కట్టియ్యి."

కట్టిస్తానని అప్పుడే మాట ఇవ్వలేదు. ముందు డ్రైవర్లందరికీ తలా ఒక కాగితం ఇచ్చాను. బండి పది నిమిషాలకు మించి ఎక్కడ ఆగినా టైము, చోటు, డిస్‌ప్లే మీద శాతం రాయాలి. రాయడానికి బద్ధకమైతే డిస్‌ప్లే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టినా చాలు. అందరూ ఫోటోలే పెట్టారు.

ఫిబ్రవరి

ఫోటోలు వరుసగా పెట్టి చూస్తే విషయం బయటపడింది. ఒక్కో ఆటోలో 7.4 యూనిట్ల లిథియం ప్యాక్ ఉంది. లోడుతో తిరిగినప్పుడు కిలోమీటరుకు సుమారు 95 వాట్-అవర్లు తింటోంది (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్). అంటే నిండా చార్జ్ చేస్తే డెబ్బై ఎనిమిది కిలోమీటర్లు. పల్లె లైనుకు, టౌన్ తిరుగుడుకు కలిపి మామూలు రోజుల్లో సరిగ్గా అంతే అవుతోంది. అమ్మకాలు బాగున్న రోజున ఇంకో ఇరవై కిలోమీటర్లు కావాలి. ఇరవై కిలోమీటర్లంటే 1.9 యూనిట్లు. ఆయన గొడవంతా ఈ రెండు యూనిట్ల గురించే.

నడిరోడ్డు మీద నిజంగా ఆగిపోయిన సందర్భాలు చాలా తక్కువ. ఆగిపోతామన్న భయంతో చివరి అంగళ్లు వదిలేసి గోడౌన్‌కు వెళ్ళిపోవడమే ఎక్కువ. నష్టం అక్కడ జరుగుతోంది. ఫోటోల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఒంటిగంట నుంచి రెండున్నర మధ్య ఐదు ఆటోలు ఒకే చోట నిలబడి ఉంటున్నాయి. రుద్రంపేట బైపాస్ దగ్గర ఒక మెస్ ముందు. సంగటి, పప్పు, చికెన్ కూర బాగుంటాయట. ఆరో డ్రైవర్ ఇల్లు గోడౌన్ పక్కనే కాబట్టి అన్నానికి ఇంటికి పోతాడు, బండి గోడౌన్‌లోనే చార్జింగ్‌కు పెడతాడు.

మిగతా ఐదుగురు కూడా గోడౌన్‌కు పోయి చార్జ్ చేసుకోవచ్చు కదా అంటే, మెస్ నుంచి గోడౌన్‌కు పోయి రావడానికే పదిహేను కిలోమీటర్లు దాటుతుంది. గంట చార్జ్ చేస్తే ఎక్కేది ఇరవై కిలోమీటర్ల కరెంటు. రానూపోనూ ఖర్చుకే ముప్పాతిక పోతుంది.

ఆగిన బండి వెంట పరుగెత్తే బండి కాకుండా, బండ్లు ఎలాగూ ఆగే చోట కూర్చునే బండి కట్టాలని అప్పుడే తేల్చుకున్నాను. ఓనర్‌కు మొదట నచ్చలేదు. "నువ్వు చెప్పేది చార్జింగ్ స్టేషన్ కదప్పా" అన్నాడు. స్టేషన్ అయితే మెస్ వాళ్ళ మీటర్ మీద ఐదు ఆటోలకు పది కిలోవాట్ల లోడు పడుతుంది. వాళ్ళకున్నది సింగిల్ ఫేజ్. మధ్యాహ్నం గ్రైండర్, ఫ్రిజ్, ఫ్యాన్లు అన్నీ తిరిగే వేళకు ఓల్టేజ్ 200 దగ్గర ఊగుతుంటుంది. అదే రాత్రి పూట మూడు కిలోవాట్లు నాలుగైదు గంటలు తీసుకుంటే ఎవరికీ తెలియదు కూడా. రాత్రి నెమ్మదిగా నింపుకుని మధ్యాహ్నం గబగబా వంచాలి. దానికి బ్యాటరీ కావాలి, చక్రాలు కూడా కావాలి. రేపు మెస్ మారితే బండీ మారాలి కదా.

మిగతా దారులు కూడా చూశాను, కాగితం మీదే కాదు.

జనరేటర్: చిన్న డీజిల్ జనరేటర్ సరైన లోడు మీద లీటరుకు సుమారు మూడు యూనిట్లు ఇస్తుంది. డీజిల్ వంద రూపాయల లెక్కన యూనిట్ ముప్పై మూడు. పెట్రోల్‌ది అయితే దానికి దాదాపు రెట్టింపు. పైగా మెస్ ముందు అన్నం తినేవాళ్ళ చెవుల్లో ఆ మోత. ఎలక్ట్రిక్ బండికి డీజిల్ తాగించడం చూస్తే నాకైతే నవ్వొచ్చింది.

బ్యాటరీ మార్పిడి: ఇది మంచి పద్ధతే, రెండు నిమిషాల పని. కానీ బండి దానికోసమే తయారై ఉండాలి. ఈ ఆటోల్లో ప్యాక్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. కొత్తవి కొనేటప్పుడు ఆలోచించాల్సిన సంగతి.

కారు నుంచి కరెంటు: ఓనర్ అల్లుడు బెంగళూరు నుంచి నెక్సాన్ ఈవీలో వచ్చాడు. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన కొత్త రూపం అది, అందులో వెహికల్-టు-లోడ్ ఉంది. 3.3 కేవీఏ దాకా బయటికి ఇస్తుంది. దాని అడాప్టర్‌కు ఆటో చార్జర్ తగిలిస్తే హాయిగా ఎక్కింది. గంటకు కారు బ్యాటరీలో తగ్గింది ఆరు శాతం. కారు ప్యాక్ 40.5 యూనిట్లు కాబట్టి లెక్క సరిపోయింది. నిజంగా ఎక్కడైనా ఆటో ఆగిపోతే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. పావుగంట ఇస్తే ఐదు కిలోమీటర్లు పోతుంది. అల్లుడి మొహం మాత్రం చూడాల్సింది. కొత్త కారు పక్కన నూనె మరకల ఆటో.

సోలార్ గురించి అందరూ అడుగుతారు, ముఖ్యంగా మన జిల్లాలో. ఎన్‌పీ కుంట సోలార్ పార్కు 2022 దాకా మన జిల్లాలోదే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఎండకు ఇక్కడ కొదవ లేదు. కానీ 540 వాట్ల ప్యానెళ్లు రెండు పెడితే రోజుకు నాలుగు, నాలుగున్నర యూనిట్లు. నాకు కావలసిన దానిలో మూడో వంతు. ఒక్కో ప్యానెల్ రెండుంబావు మీటర్ల పొడవు. వాటిని తోపుడు బండి మీద పెట్టుకుని ఆషాఢం గాలిలో నిలబడితే బండి రాప్తాడు దాకా తనే పోతుంది. రామగిరిలో గాలిమరలు ఊరికే పెట్టలేదు. మెస్ మిద్దె మీద పెట్టుకుంటే వేరే సంగతి, ఆ బేరం తర్వాత.

మార్చి

సెల్స్ వచ్చాయి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం, ప్రిస్మాటిక్ అంటే ఇటుక ఆకారంవి, 3.2 ఓల్టులు, 280 ఆంపియర్-అవర్లు, పదహారు. వరుసగా కలిపితే 51.2 ఓల్టులు, 14.3 యూనిట్లు. ఒక్కొక్కటి ఐదున్నర కిలోలు, మొత్తం ఎనభై ఎనిమిది కిలోల దాకా. ఇంకో లిథియం రకం ఎన్‌ఎంసీ కన్నా బరువు ఎక్కువే, కానీ వేడిని బాగా ఓర్చుకునే రసాయనం. అనంతపురం ఎండలో, జనం అన్నం తినే చోట పెట్టే పెట్టెకు ఇంకో ఆలోచన అక్కర్లేదు.

ఎంత సామర్థ్యం కావాలన్నది ఇట్లా లెక్కేశాను. ఐదు ఆటోలు, తలా 1.9 యూనిట్లు, మొత్తం 9.5. ఆటో చార్జర్‌లో పది శాతం పోతుంది, మన ఇన్వర్టర్‌లో ఇంకో పది. అంటే సెల్స్ నుంచి 11.7 యూనిట్లు తీయాలి. 14.3లో అది ఎనభై రెండు శాతం. అడుగంటా ఖాళీ చేయకుండా, అంచు దాకా నింపకుండా నడపడానికి సరిగ్గా సరిపోయే సైజు.

ఈ రెండు చోట్ల నష్టం చూసి నా మేనల్లుడు, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, ఒక ప్రశ్న వేశాడు. "మామా, మన ప్యాక్ 51 ఓల్టులు, ఆటో ప్యాక్ కూడా దాదాపు అంతే. ఇన్వర్టర్ ఎందుకు, డీసీ నుంచి డీసీకే ఇచ్చెయ్యొచ్చు కదా?" మంచి ప్రశ్న. రెండు ప్యాకులను నేరుగా వైరుతో కలిపితే కరెంటును ఆపేవాడు ఉండడు. మూడు ఓల్టుల తేడా ఉండి, దారిలో మొత్తం నిరోధం ఇరవై ఐదు మిల్లీఓమ్‌లే ఉంటే నూట ఇరవై ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. మధ్యలో కన్వర్టర్ పెట్టి కరెంటు అదుపు చేయొచ్చు, కానీ ఆటో బీఎంఎస్, అంటే బ్యాటరీకి కాపలా కాసే సర్క్యూట్, తన చార్జర్‌తోనే మాట్లాడుతుంది. ఇంకెవరైనా వచ్చి కరెంటు తోస్తే గుమ్మం మూసేస్తుంది. దాన్ని దాటవేసి వెనక నుంచి ఎక్కిస్తే వారంటీ పోయినట్టే. ఆరు బండ్ల వారంటీ పణంగా పెట్టి పది శాతం మిగుల్చుకోవడం నా వరకు తెలివైన పని కాదు. బండితో వచ్చిన చార్జర్‌కే 230 ఓల్టుల ఏసీ ఇద్దాం, మిగతాది అదీ బండీ చూసుకుంటాయి.

ప్యాక్ కట్టడానికి ముందు సెల్స్ అన్నీ సమాంతరంగా కలిపి 3.65 ఓల్టుల దాకా తెచ్చి సమం చేశాం. దీనికి ఓపిక కావాలి. బెంచ్ సప్లై ఇచ్చేది కొన్ని ఆంపియర్లు, ఎదురుగా ఉన్నది పదహారు ఏనుగులు. ఈ పని ఎగ్గొట్టి సరాసరి వరుసలో కట్టేవాళ్ళు ఉన్నారు. ఆ ప్యాకులే ఆరు నెలలకు నా షాపు మెట్లెక్కుతాయి, ఒక సెల్ ముందుగా నిండిపోయి మొత్తం చార్జింగ్ ఆపేస్తోందని.

సెల్స్ మధ్య ఎపాక్సీ షీట్లు, రెండు చివరల ఇనుప ప్లేట్లు, పొడవాటి స్టడ్లతో బిగింపు. బస్‌బార్ నట్లు టార్క్ రెంచ్‌తోనే. 200 ఆంపియర్ల బీఎంఎస్. ప్లస్ వైరు ప్యాక్ నుంచి బయటికి రాగానే ఫ్యూజు, ఆ తర్వాతే ఐసొలేటర్. వైర్లు 35 చదరపు మిల్లీమీటర్ల రాగి. ఇన్వర్టర్ 5 కేవీఏ, ప్యూర్ సైన్ వేవ్. నాలుగు కిలోవాట్లు బయటికిస్తుంటే బ్యాటరీ వైపు ఎనభై ఏడు ఆంపియర్ల దాకా పారుతుంది, కాబట్టి ఎక్కడా బిగుతు తక్కువగా ఉండకూడదు. ఇన్వర్టర్‌ను ప్యాక్‌కు మొదటిసారి తగిలించేటప్పుడు లోపలి కెపాసిటర్లు ఒక్క గుక్కలో కరెంటు లాగి స్విచ్చి కొనల మీద నిప్పు రవ్వలు లేపుతాయి. దానికి పాత పద్ధతే, వంద వాట్ల ఫిలమెంట్ బల్బును మధ్యలో పెట్టి రెండు మూడు సెకన్లు ఆగి, ఆ తర్వాత స్విచ్చి వేయడం. ఈ బల్బులు ఇప్పుడు దొరకడమే కష్టంగా ఉంది. పాతూరులో ఒక పాత ఎలక్ట్రికల్ అంగట్లో దొరికాయి.

బండి మాత్రం అచ్చం తోపుడు బండే. వెల్డింగ్ మేస్త్రి నా డ్రాయింగ్ చూసి, "పండ్ల బండికి ఇంత ఇనుము ఎందుకు సార్" అన్నాడు. ప్యాక్, ఇన్వర్టర్, చార్జర్ కలిపి నూట యాభై కిలోలు దాటుతుందని చెప్పాక గాలి టైర్లు, బ్రేకు, అడుగున అడ్డకమ్ములు తనే వేశాడు. ప్యాక్ నేలకు దగ్గరగా, ఇన్వర్టర్ పై అరలో.

ట్రైలర్ చేసి ఆటోకు తగిలిద్దామని ఓనర్ అన్నాడు. ఆర్టీఓ రిజిస్ట్రేషన్ లేని ట్రైలర్‌ను హైవే మీద లాగించే పని నేను పెట్టుకోను. స్థలం మారాల్సి వస్తే మినీ లారీలో ఎక్కించుకుని పోతాం, అంతే.

ఏప్రిల్

షాపు వెనక షెడ్‌లో పరీక్షలు. రెండు ఆటోలు తెప్పించాను. మొదటిది తగిలించాం, బాగుంది. రెండోది తగిలించగానే ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూత వేసి ఆగింది. వాట్లు చూస్తే రెండూ కలిపి నాలుగు వేలే.

వాట్ మీటర్, క్లాంప్ మీటర్ రెండూ పెట్టి ఒక్కో చార్జర్‌ను విడిగా చూస్తే గుట్టు తెలిసింది. ఒక చార్జర్ 2,050 వాట్లకు తొమ్మిది ఆంపియర్లు లాగుతోంది, లెక్క ప్రకారం ఉండాల్సినంతే. రెండోది 1,950 వాట్లకే పదమూడు ఆంపియర్లు లాగుతోంది. పదమూడును 230తో గుణిస్తే దాదాపు 3,000 వోల్ట్-ఆంపియర్లు, అంటే మూడు కేవీఏ. వాట్లను దానితో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్, ఇక్కడ 0.65. ఆ చార్జర్‌లో పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్ లేదు. మీటర్ మీద యూనిట్లు ఎక్కువ పడవు కాబట్టి ఇంట్లో వాడుకునేవాళ్ళకు ఈ తేడా ఎప్పటికీ తెలియదు. ఇన్వర్టర్‌కు మాత్రం వాట్లతో కాదు, ఆంపియర్లతోనే పని. అలాంటివి రెండు తగిలితే ఆరు కేవీఏ. ఐదు కేవీఏ ఇన్వర్టర్ మోయదు.

పోర్టబుల్ చార్జింగ్ బండి కట్టాలనుకునే వాళ్ళు సెల్స్ గురించి గంటలు గంటలు మాట్లాడతారు గానీ తమ ఆటోల చార్జర్ల పవర్ ఫ్యాక్టర్ కొలవరు. ముందు అది కొలవండి. ఐదు ఆటోల్లో మూడింటికి మంచి చార్జర్లు, రెండింటికి ఈ రకం. ఇన్వర్టర్‌కు జత కలపగల మోడల్ తీసుకోవడం ఇక్కడ కలిసొచ్చింది. అదే రకం ఇంకొకటి సమాంతరంగా పెడితే 10 కేవీఏ. ఐదు ఆటోలు ఒకేసారి తగిలిస్తే మంచివి మూడు ఆరు కేవీఏకు కొంచెం పైన, చెడ్డవి రెండు ఆరు. పది దాటిపోతుంది. మంచివి మూడు, చెడ్డది ఒకటి, మొత్తం నాలుగు ఒకేసారి. రెండో చెడ్డది మొదటిది ఖాళీ కాగానే. ఎలాగూ ఐదుగురూ ఒకే నిమిషానికి అన్నానికి రారు. నాలుగు తగిలినప్పుడు బ్యాటరీ వైపు నూట డెబ్బై ఐదు ఆంపియర్ల దాకా. బీఎంఎస్ 200ది తీసుకున్నది అందుకే. వైర్లు మాత్రం ఒక్కో ఇన్వర్టర్‌కు విడివిడిగా లాగాం.

ఎర్త్ సంగతి కూడా ఇక్కడే రాయాలి. ఇన్వర్టర్ అవుట్‌పుట్ నేలతో సంబంధం లేకుండా తేలుతూ ఉంటుంది. న్యూట్రల్‌కు, బండి బాడీకి మధ్య మీటర్ పెడితే నూటపది ఓల్టుల దాకా చూపించింది. కొన్ని ఆటో చార్జర్లు ఎర్త్ సరిగా లేదని ఎర్ర లైటు వెలిగించి పడుకుంటాయి. అంతకన్నా పెద్ద సంగతి, అలా తేలుతున్నప్పుడు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీబీఓ (కరెంటు లీకైతే పడిపోయే బ్రేకర్) పెట్టినా అది పని చేయదు. లీకైన కరెంటు తిరిగి రావడానికి దారే లేదు మరి. అందుకని ఇన్వర్టర్ల దగ్గర ఒకే ఒక్క చోట న్యూట్రల్‌ను బండి ఛాసిస్‌కు కలిపాం. ఆ తర్వాత మీటర్ ఒక ఓల్టు లోపే. ఆర్‌సీబీఓ టెస్ట్ బటన్ మాత్రమే నొక్కి ఊరుకోకుండా, ఫేజ్‌కు, బాడీకి మధ్య రెసిస్టర్ పెట్టి నిజంగా లీకు చేసి చూశాం. టక్కున పడింది. నేలలో రాడ్ దిగేస్తే చాలదా అని మేస్త్రి అడిగాడు. మన ఎర్ర గరుసు నేల ఏప్రిల్‌లో ఎండి ఉన్నప్పుడు అడుగు లోతు రాడ్ ఏం పట్టుకుంటుంది? బకెట్ ఉప్పునీళ్ళు పోసినా సాయంత్రానికి మళ్ళీ మొదటికే. రాడ్ కూడా పెడతాం, కానీ ప్రాణం దాని మీద పెట్టం.

సాకెట్లు ఇంట్లో వాడే పదహారు ఆంపియర్ల రకం వద్దనుకున్నాను. గంటల తరబడి పదమూడు ఆంపియర్లు పారితే వాటి లోపలి స్ప్రింగు వదులై, కాలి, ప్లగ్గు అతుక్కుపోతుంది. ఇట్లా కాలిన సాకెట్లు షాపులో ఒక డబ్బా నిండా ఉన్నాయి. నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్లు వేశాం, మూత ఉంటుంది, గట్టిగా పట్టుకుంటుంది. భారత్ ఏసీ-001 అని మన దేశపు తొలి పబ్లిక్ చార్జర్ ప్రమాణంలో 3.3 కిలోవాట్ల సాకెట్లు మూడు ఉంటాయి, అవీ ఈ రకమే. ఒక్కో ఆటోకు ఒక చిన్న అడాప్టర్ వైరు కట్టిచ్చాం.

మే

బండి మెస్ ముందుకు చేరింది. చింతచెట్టు నీడ ఉన్న వైపు. రాత్రి పదకొండుకు టైమర్ మీద 50 ఆంపియర్ల చార్జర్ మొదలై తెల్లారేలోగా నింపేస్తుంది. రాత్రే ఎందుకంటే ఓల్టేజ్ ఒక్కటే కారణం కాదు. మధ్యాహ్నం బయట 41, 42 డిగ్రీలు. నీడలోనే ఉన్నా, పెట్టె లోపల గాలి నలభై ఎనిమిది దాకా పోతోంది, డిశ్చార్జ్ చివర్లో సెల్స్ నలభై ఆరు. ఇవ్వడానికి ఆ వేడి పరవాలేదు. ఆ వేడిలో నింపితే మాత్రం సెల్ ఆయుష్షు తరిగిపోతుంది. తెల్లవారుజామున అదే సెల్ ముప్పై రెండు దగ్గర ఉంటుంది.

పెట్టెకు తెల్ల పెయింట్, పైన నాలుగు అంగుళాల సందుతో రెండో రేకు, వెనక రెండు ఫ్యాన్లు. రెండో రేకు వేశాక లోపలి వేడి ఐదు డిగ్రీలు తగ్గింది, ఫ్యాన్లకన్నా అదే ఎక్కువ పని చేసింది. దుమ్ము మాత్రం శత్రువు. ఫ్యాన్ జాలీలు వారానికొకసారి దులపకపోతే ఇన్వర్టర్ తన అవుట్‌పుట్ తనే తగ్గించుకుంటుంది.

డ్రైవర్లు మొదట్లో నమ్మలేదు. గార్లదిన్నె లైను డ్రైవర్, వయసులో పెద్దాయన, "ఇంత పెట్టె నాలుగు బండ్లకు యాడ సరిపోతుంది సామీ" అన్నాడు. ఆయన బండి 38 శాతంతో వచ్చింది, అన్నం తిని, తాంబూలం వేసుకుని, కాసేపు కునుకు తీసి లేచేసరికి 61. ఆ రోజు నుంచి అందరికన్నా ముందు వచ్చి ఒకటో నంబర్ సాకెట్ పట్టుకుంటున్నాడు. పవర్ ఫ్యాక్టర్ బాగా లేని రెండు బండ్లకు నీలం టేపు చుట్టి, అవి రెండూ ఒకేసారి తగలకుండా సాకెట్లకు కూడా రంగులు వేశాను. చదువుకోమని బోర్డు పెట్టడం కన్నా ఇది నయం.

ఓనర్ ఇప్పుడు రోజూ చూసుకునేది శాతాలు కాదు, సాయంత్రం బిల్లులు. వదిలేసి వస్తున్న టౌన్ అంగళ్లు మళ్ళీ లైన్లోకి వచ్చాయి. సాయంత్రం ఫోన్లు తగ్గాయి.

జూన్

లెక్కలు. మెస్ గోడలో నుంచి వచ్చిన కరెంటు ఆటో సెల్స్‌లో పడేసరికి నాలుగు చోట్ల సుంకం కడుతుంది: బండి చార్జర్, బండి బ్యాటరీ, ఇన్వర్టర్, ఆటో చార్జర్. మీటర్లు పెట్టి చూస్తే నూటికి డెబ్బై రెండు చేరుతోంది. నేరుగా గోడ నుంచి అయితే తొంభై. అంటే ఆటోలో ఒక యూనిట్ పడాలంటే మెస్ మీటర్ మీద 1.4 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకుంటే పదకొండు. సెల్స్, బీఎంఎస్ కలిపి లక్షా పాతిక వేలు అయ్యాయి. ఇలాంటి సెల్స్‌కు డేటాషీట్‌లో ఆరు వేల సైకిళ్ళు (నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) అని ఉంటుంది, కానీ అది 25 డిగ్రీల గదిలో. మన ఊళ్ళో సగమే వేసుకున్నాను. ఆ లెక్కన అరుగుదల యూనిట్‌కు నాలుగు రూపాయలకు కాస్త పైన. మొత్తం పదిహేను, పదహారు. జనరేటర్‌లో సగం కన్నా తక్కువే, గోడ సాకెట్ కన్నా చాలా ఎక్కువ. అందుకే రాత్రి గోడౌన్‌లో నిండా చార్జ్ చేయడం మానొద్దని డ్రైవర్లకు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఒకరిద్దరు మెస్ దగ్గర ఎలాగూ దొరుకుతుంది కదా అని రాత్రి ప్లగ్గు పెట్టడం మరిచిపోతున్నారు. బండి కరెంటు సాయంత్రపు రెండు యూనిట్ల కోసం, కడుపు నింపడానికి కాదు.

బయటి ఆటోలు కూడా వచ్చి అడుగుతున్నాయి. కరెంటు అమ్మితే లైసెన్సు కావాలేమోనని మెస్ ఓనర్ భయపడ్డాడు. 2018 ఏప్రిల్‌లోనే కేంద్ర విద్యుత్ శాఖ స్పష్టం చేసింది, వాహనానికి చార్జింగ్ ఇవ్వడం కరెంటు అమ్మకం కింద రాదు, అది సేవ, దానికి లైసెన్సు అక్కర్లేదని. మీటర్ మాత్రం ఈవీ కేటగిరీలో వేరేగా తీసుకోమని చెప్పాను, మెస్ బిల్లులో కలిపేస్తే రేపు కరెంటు కంపెనీ ఎస్‌పీడీసీఎల్ వాళ్ళు వచ్చి అడిగినప్పుడు సమాధానం ఉండదు. అప్లికేషన్ పెట్టారు. అది వచ్చేదాకా బయటి బండ్లకు ఇవ్వడం లేదు. లెడ్-యాసిడ్ ఈ-రిక్షాల వాళ్ళు ఎక్కువ అడుగుతున్నారు గానీ వాటి చార్జర్లు పదిహేను ఆంపియర్లవి. గంట పెట్టినా ఎక్కేది ముప్పాతిక యూనిట్, సాకెట్ మాత్రం గంటసేపు వాళ్ళదే. మీటర్ వచ్చాక రెండున్నర తర్వాత, మా బండ్లు పోయాక, మిగిలింది ఎంతుంటే అంత వాళ్ళకు. యూనిట్ పద్దెనిమిది అనుకుంటున్నాం.

ఓనర్ కొత్త ఆలోచనలో ఉన్నాడు. ధర్మవరం, గుత్తి వైపు పెద్ద లోడ్లకు టాటా ఏస్ ఈవీ తీసుకుంటే ఈ బండి దాన్నీ చార్జ్ చేస్తుందా అని. దాని ప్యాక్ 21.3 యూనిట్లు. మన బండి రోజూ ఇచ్చే 11.7 యూనిట్లూ దానికే పోసినా, నష్టాలు పోగా సగం నిండదు, ఐదు ఆటోలు పస్తు. అలాంటి బండికి హైవే మీద ఫాస్ట్ చార్జరే సరి. ఫాస్ట్ చార్జర్‌ను మనమే బండి మీద పెడదామా అంటే, ఆ గన్నులు బండితో సిగ్నల్ మాట్లాడుకుని గానీ కరెంటు వదలవు, ఓల్టేజ్‌లు వందల్లో ఉంటాయి. అది షెడ్‌లో మేనల్లుడితో కలిసి చేసే పని కాదు, చెయ్యను కూడా.

రెండో తోపుడు బండి అడుగుతున్నాడు, కళ్యాణదుర్గం రోడ్డులో పెట్టడానికి. అక్కడ ఎవరు ఎప్పుడు ఎంతసేపు ఆగుతారో ఫోటోలు తెమ్మన్నాను. ఇంకా రాలేదు. ఈలోపు చేయాల్సినవి: పవర్ ఫ్యాక్టర్ బాగాలేని రెండు చార్జర్లు కంపెనీవే కొత్త మోడల్‌తో మార్చడానికి ఎంతవుతుందో కనుక్కోవాలి, అవి మారితే ఐదూ ఒకేసారి కాదు గానీ నాలుగు మాత్రం ఏ జతలోనైనా పెట్టొచ్చు. వాన మొదలయ్యేలోగా సాకెట్ల వైపు రేకు ఒక అడుగు ముందుకు పొడిగించాలి. మేస్త్రి శనివారం వస్తానన్నాడు.